అట్లాంటాలో ఎక్కడ తినాలి: హోటల్ పేరు కంటే ముందు దారి పేరు

పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులైనా, నాలుగు రోజుల సమావేశానికి వచ్చిన ఉద్యోగులైనా, పాస్‌పోర్టు పని మీద భారత కాన్సులేట్‌కు వచ్చిన పొరుగు రాష్ట్రాల తెలుగువాళ్ళైనా, అట్లాంటాలో దిగిన రోజు సాయంత్రం చేసే పని ఒకటే. గదిలో కూర్చుని, ఫోన్‌లో ‘దగ్గరలో మంచి రెస్టారెంట్లు’ అని వెతుకుతారు. డౌన్‌టౌన్‌లో బస చేసినవారికి అలా దొరికేవి ఎక్కువగా పెద్ద హోటళ్ళ కింది అంతస్తుల్లోని భోజనశాలలు, దేశంలో ఏ ఊరికి వెళ్ళినా అదే రుచి పెట్టే చైన్ రెస్టారెంట్లు. అక్కడ తిని, డబ్బు పోయిందని బాధపడి, ఈ ఊళ్ళో తిండి బాగుండదని తేల్చేస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్న నాకు ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అమెరికా దక్షిణాదిలో ఇంత రకరకాల తిండి దొరికే నగరాలు చాలా తక్కువ. అయితే అది నగరం నడిబొడ్డున కుప్పపోసి ఉండదు. ఎవరు ఏ కాలంలో, ఏ కారణం చేత, ఏ రోడ్డు పక్కన ఇల్లు కట్టుకున్నారో తెలిస్తేనే ఎక్కడ తినాలో తెలుస్తుంది.

అట్లాంటా రైలు పట్టాల చివర పుట్టిన ఊరు. 1837లో రైలు మార్గం ఆగే చోటు అని దీనికి ‘టెర్మినస్’ అనే పేరే పెట్టారు. చుట్టూ సముద్రం లేదు, ఊరు పెరగకుండా ఆపే పెద్ద నది లేదు, కాబట్టి కార్ల కాలం వచ్చాక ఊరు అన్ని దిక్కులకూ పాకిపోయింది. నగర పాలక హద్దుల్లో ఉండేవారు దాదాపు 5 లక్షలైతే, మొత్తం మహానగర ప్రాంతంలో ఉండేవారు 60 లక్షలు దాటారు. అంటే ‘అట్లాంటా’ అని మనం పిలిచే ఊళ్ళో పన్నెండు మందిలో పదకొండు మంది నిజానికి అట్లాంటా బయట ఉంటారు. నగరం చుట్టూ 64 మైళ్ళ వలయంలా తిరిగే 285 నంబరు రహదారిని ఇక్కడివాళ్ళు పెరిమీటర్ అంటారు. దాని లోపలిదంతా ఐటీపీ, బయటిదంతా ఓటీపీ. ఎవరైనా ఒక హోటల్ గురించి గొప్పగా చెప్పినప్పుడు మొదట అడగవలసింది అది లోపలా బయటా అని, ఆ తరువాత ఏ దిక్కున అని. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. ఈ ఊళ్ళో పీచ్‌ట్రీ అనే పేరు లేని సందు లేదన్నట్లు ఉంటుంది. పీచ్‌ట్రీ స్ట్రీట్, వెస్ట్ పీచ్‌ట్రీ స్ట్రీట్, పీచ్‌ట్రీ ఇండస్ట్రియల్ బులవార్డ్ అన్నవి వేర్వేరు రోడ్లు. పూర్తి చిరునామా చూసుకోకుండా బయలుదేరినవారు ఆకలితో తప్పు రోడ్డు మీద నిలబడతారు.

డౌన్‌టౌన్‌లో దొరికేది ఎందుకు చప్పగా ఉంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. అక్కడ ఉన్నవి ఆఫీసులు, కన్వెన్షన్ సెంటర్, స్టేడియం. కాపురాలు తక్కువ. ఈ రోజు వచ్చినవాడు వచ్చే వారం మళ్ళీ రాడని తెలిసిన వంటింట్లో పట్టింపు సడలుతుంది. ఒక మినహాయింపు మాత్రం తప్పక చెప్పాలి. ఎడ్జ్‌వుడ్ అవెన్యూలో 1924లో కట్టిన మునిసిపల్ మార్కెట్ ఉంది. దీన్ని స్వీట్ ఆబర్న్ కర్బ్ మార్కెట్ అంటారు. వర్ణవివక్ష రోజుల్లో నల్లజాతి వ్యాపారులను లోపల అమ్ముకోనివ్వక బయట కాలిబాట అంచున నిలబెట్టారు. కాలిబాట అంచును కర్బ్ అంటారు గనుక ఆ పేరే మార్కెట్టుకు నిలిచిపోయింది. కూరగాయలు, మాంసం అమ్మే కొట్ల మధ్యలోనే చిన్న చిన్న భోజనపు కౌంటర్లు ఉంటాయి. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇల్లు చూడడానికి నడిచి వెళ్ళేవారికి మధ్యాహ్న భోజనానికి ఇంతకన్నా మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదని నా అభిప్రాయం.

అమెరికా దక్షిణాది వంట తినాలంటే ఊరికి పడమటి వైపు వెళ్ళాలి. ఒకప్పుడు హంటర్ స్ట్రీట్ అని, ఇప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ డ్రైవ్ అని పిలిచే రోడ్డు అక్కడ నల్లజాతివారి వ్యాపారాలకు ప్రధాన వీధిగా ఉండేది. డౌన్‌టౌన్ హోటళ్ళలో వారిని కూర్చోనివ్వని రోజుల్లో, వారి చదువులూ చర్చిలూ వ్యాపారాలూ ఈ వైపునే పెరిగాయి, వారి భోజనశాలలూ ఇక్కడే వెలిశాయి. 1947లో జేమ్స్, రాబర్ట్ పాస్కల్ అనే అన్నదమ్ములు పాస్కల్స్ పెట్టారు. అదే ఏడాది లూసీ జాక్సన్ బిజీ బీ కెఫే తెరిచారు. పౌరహక్కుల ఉద్యమం సాగిన కాలంలో నాయకులు సమావేశమైంది, వ్యూహాలు రచించుకున్నది పాస్కల్స్ బల్లల చుట్టూనే. నిరసనలలో అరెస్టయి విడుదలైన విద్యార్థులకు ఆ అన్నదమ్ములు డబ్బు తీసుకోకుండా అన్నం పెట్టారు. పాస్కల్స్ 2002లో క్యాసిల్‌బెరీ హిల్ ప్రాంతానికి మారింది. బిజీ బీకి 2022లో, అమెరికాలో వంటలకు పేరున్న పురస్కారాలిచ్చే జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ‘అమెరికాస్ క్లాసిక్స్’ గౌరవం దక్కింది. రెండుచోట్లా వేయించిన కోడికూరకే పేరు. ఈ రెండూ డౌన్‌టౌన్‌కు కారులో కొద్ది నిమిషాల దూరమే అయినా, ఊరికి కొత్తగా వచ్చినవారిలో చాలామంది అటు తొంగిచూడరు.

ఈ హోటళ్ళలో భోజనం ‘మీట్ అండ్ త్రీ’ పద్ధతిలో ఉంటుంది. ఒక మాంసం, దానికి తోడు మూడు కూరలు ఎంచుకోవాలి, వాటితో పాటు మొక్కజొన్న రొట్టె ముక్క వస్తుంది. చీజ్‌లో ఉడికించిన మాకరోనీని కూడా కూరల జాబితాలోనే రాస్తారు. మన వాళ్ళు ఈ పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు కొత్తగా అనిపించేది తక్కువే. బెండకాయ ముక్కలు మొక్కజొన్న పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయిస్తారు. బ్లాక్ ఐడ్ పీస్ అంటే మన అలసందలు, కొందరు బొబ్బర్లు అంటారు. కొలార్డ్ అనే ముదురాకు కూర గంటల తరబడి ఉడుకుతుంది. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వతో కాచిన సంకటి. బెండా అలసందా రెండూ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల వంటతో పాటు ఈ నేలకు చేరినవి. వాటిని అక్కడ వండి తిన్నవారి మనవళ్ళ మనవళ్ళు ఇప్పుడు మనకు వడ్డిస్తున్నారు. ఆ సంగతి తెలిసి తింటే పళ్ళెం మీద గౌరవం పెరుగుతుంది.

శాకాహారులు మాత్రం ఒక విషయం ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే మా ఇంట్లోనే అది జరిగింది. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఒక చిన్న హోటల్‌కు తీసుకువెళ్ళాను. జాబితాలో ‘వెజిటబుల్ ప్లేట్’ అని ఉంది, నాలుగు కూరలు ఎంచుకోవచ్చు. అమ్మకు కొలార్డ్ ఆకుకూర రంగు చూడగానే ముదురు తోటకూర గుర్తొచ్చింది. రెండు ముద్దలు తిన్నాక మూడో ముద్దలో ఆకు మధ్యన ఒక పీచు తగిలింది. వేళ్ళతో తీసి నాకు చూపించింది, ఏమీ అనలేదు, పళ్ళెం మాత్రం పక్కకు జరిపేసింది. వడ్డించే ఆవిడను పిలిచి అడిగితే, ‘పంది మాంసం వేయలేదమ్మా, పొగబెట్టిన టర్కీ కోడి ముక్కే వేశాం’ అని ఎంతో ఆదరంగా చెప్పింది. ఆవిడ అబద్ధం చెప్పలేదు, మమ్మల్ని మోసం చేయలేదు. ఆ వంట సంప్రదాయంలో కూరకు రుచి పట్టించేది ఆ మాంసపు ముక్కే, మనకు పోపు ఎలాగో వారికి అది అలాగ. తప్పు నేను అడిగిన ప్రశ్నలో ఉంది. ‘ఇందులో మాంసం ఉందా’ అని అడిగితే ముక్కలు లేవు కాబట్టి లేదని చెబుతారు. ‘దీన్ని దేనితో ఉడికించారు, బేకన్, హామ్ లాంటి పంది మాంసం గానీ టర్కీ గానీ కోడి రసం గానీ వేశారా’ అని అడగాలి. బీన్స్‌కూ, అలసందలకూ, గ్రేవీకీ ఇదే ప్రశ్న. మొక్కజొన్న రొట్టెలో పంది కొవ్వు ఉండవచ్చు. బెండకాయనూ పచ్చి టమాటానూ కోడిని వేయించిన నూనెలోనే వేయిస్తారేమో కనుక్కోవాలి. చిలగడదుంప పాకం, మాకరోనీ సాధారణంగా ఇబ్బంది పెట్టవు. ఇవన్నీ అడిగితే విసుక్కుంటారేమోనని మొహమాటపడనక్కర లేదు. మరీ రద్దీ వేళ కాకుండా వెళ్ళి, మర్యాదగా అడిగితే వంటింట్లోకి వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పేవారినే నేను ఎక్కువగా చూశాను.

ఇదే వంటను కాస్త నెమ్మదైన వాతావరణంలో రుచి చూడాలనుకునేవారికి 1945 నుంచి పోన్స్ డి లియోన్ అవెన్యూలో మేరీ మ్యాక్స్ టీ రూమ్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో ఆడవారు హోటల్ నడపడం మర్యాద కాదనుకునేవారు కాబట్టి, వారు పెట్టిన భోజనశాలలను టీ రూమ్ అని సౌమ్యంగా పిలిచేవారు. అక్కడ చీటీ మీద పెన్సిల్‌తో మనకు కావలసినవి మనమే రాసి ఇవ్వడం ఆనవాయితీ. మొదటిసారి వచ్చామంటే పాట్ లిక్కర్ అనే చిన్న గిన్నె తెచ్చి పెడతారు. పప్పు ఉడికిన నీటిని మనం కట్టు అన్నట్లే, అది ఆకుకూర ఉడికిన కట్టు. రొట్టె అందులో ముంచుకుని తింటారు. పైన చెప్పిన మాంసపు ప్రశ్న దీనికీ వర్తిస్తుంది.

ఇక ఈశాన్యం వైపు. బ్యూఫోర్డ్ హైవే గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే నా దృష్టిలో అట్లాంటాలో ఒక్క పూట మాత్రమే తీరిక ఉన్నవారు వెళ్ళవలసింది అక్కడికే. బ్రూక్‌హేవెన్, షాంబ్లీ, డోరావిల్ ఊళ్ళ మీదుగా పోయే ఈ రోడ్డు చూడడానికి ఏ అందమూ లేనిది. ఆరేడు వరుసల రోడ్డు, రెండు పక్కలా పాత దుకాణ సముదాయాలు, ముందు పెద్ద పార్కింగ్. డోరావిల్‌లో 1947లో మొదలైన జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం చుట్టూ ఇక్కడ కార్మికుల బస్తీలు పెరిగాయి. 1970ల తరువాత పాత కాపురస్తులు దూరపు శివార్లకు కదిలిపోగా, తక్కువ అద్దె అపార్ట్‌మెంట్లు, బస్సు సౌకర్యం, ఖాళీ దుకాణాలు మిగిలాయి. కొత్త దేశంలో చేతిలో డబ్బు లేకుండా బతుకు మొదలుపెట్టేవారికి ఈ మూడూ కావాలి. వియత్నాం, కొరియా, చైనా, మెక్సికో, మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చినవారు ఇక్కడ చేరారు. 1996 ఒలింపిక్స్ నిర్మాణ పనులు ఇంకెందరినో రప్పించాయి. కర్మాగారం 2008లో మూతపడింది గానీ వంటిళ్ళు వెలుగుతూనే ఉన్నాయి. ఇక్కడి హోటళ్ళు తమ వారి కోసం పుట్టినవి. పరాయివారికి నచ్చాలని కారం తగ్గించవలసిన అవసరం వాటికి రాలేదు. రుచికి మూలం అదే.

ఇక్కడ హోటల్ ఎంచుకోవడానికి కళ్ళే చాలు. ఒకే పార్కింగ్ చుట్టూ పళ్ళ డాక్టరు, డబ్బు పంపే దుకాణం, సెలూన్, వాటి మధ్య పది బల్లల హోటల్ ఉంటుంది. లోపలికి వెళ్ళగానే జాబితా చూడవద్దు, బల్లలు చూడాలి. అన్ని బల్లల మీదా ఒకే రకం గిన్నె కనిపిస్తే అదే ఆ ఇంటి వంట. హోటల్ పేరులోనే ఒక వంటకం పేరు ఉంటే అదే తెప్పించుకోవాలి. రెండు వందల రకాలు రాసి ఉన్నా వంటవాడి చేతికి బాగా వచ్చినవి నాలుగైదే ఉంటాయి. శాకాహారులకు మళ్ళీ హెచ్చరిక: ఫో అనే వియత్నాం నూడుల్స్ గిన్నె మీద కూరగాయలది అని రాసినా రసం గొడ్డుమాంసపు ఎముకలది కావచ్చు, వియత్నాం వంటలో చేపల సాస్ ఉప్పులా పడుతుంది, కిమ్చీ అనే కొరియా క్యాబేజీ పచ్చడిలో తరచుగా ఉప్పు రొయ్యలు ఉంటాయి, మెక్సికన్ చిక్కుడు గింజల ముద్దలో పంది కొవ్వు ఉంటుంది.

వీటన్నిటితో అలసిపోయిన శాకాహారికి నేను ఎప్పుడూ చూపించే దారి ఇథియోపియా హోటల్. క్లార్క్‌స్టన్ అనే చిన్న ఊళ్ళో ఎన్నో దేశాల శరణార్థులు స్థిరపడ్డారు, ఆ చుట్టుపక్కలా, బ్యూఫోర్డ్ హైవే ప్రాంతంలోనూ ఈ హోటళ్ళు కనిపిస్తాయి. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలతో పాటు ఏడాదిలో ఎన్నో ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందువల్ల ఉపవాస వంట వారికి పూర్తి స్థాయి వంట, నామమాత్రపు ఏర్పాటు కాదు. టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి, పెద్ద పెనం మీద దోసెలా పోసి, దాని మీదే ఎర్ర కందిపప్పును పోలిన ఘాటైన పప్పు, శనగపిండి పులుసు, ఆకుకూర, క్యాబేజీ కుప్పలుగా వడ్డిస్తారు. చెంచా ఉండదు, చేత్తో తుంచుకుని తినడమే. చెంచాతో ఇబ్బందిపడే మన పెద్దవాళ్ళ ముఖాలు అక్కడ విప్పారతాయి.

కారు లేనివారు మార్టా అనే నగర రైలులో షాంబ్లీ, డోరావిల్ స్టేషన్ల దాకా రావచ్చు. అయితే ఆ రోడ్డు మీద కాలిబాట అన్నిచోట్లా ఉండదు, సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య దూరం ఎక్కువ. నడి రోడ్డు దాటబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు కాబట్టి ఎంత ఆకలిగా ఉన్నా సిగ్నల్ దగ్గరే దాటాలి.

మన తిండి సంగతి. తొలితరం భారతీయుల దుకాణాలు, చాట్ కొట్లు, దక్షిణ భారత శాకాహార హోటళ్ళు డికేటర్ పక్కన ఉన్నాయి. ఆ తరువాత కంప్యూటర్ ఉద్యోగాలు 400 నంబరు రహదారి వెంట ఉత్తరానికి సాగడంతో తెలుగువాళ్ళూ అల్ఫారెటా, జాన్స్ క్రీక్, కమింగ్ ఊళ్ళకు చేరారు, వారి వెంట బిర్యానీలూ పులావులూ చేరాయి. ఇంటికొచ్చిన అతిథిని మూడు పూటలా అక్కడికే తీసుకువెళ్ళడం నాకు నచ్చదు. అదే సమయంలో, ఐదు రోజులు పరాయి తిండి తిన్న పెద్దవాళ్ళు పెరుగన్నం అడిగితే అది వారి హక్కు. ఆ హోటళ్ళలో జాబితాను నమ్మకుండా ‘పెసరట్టు పిండి ఈ రోజు రుబ్బారా’ అని తెలుగులోనే అడిగితే నిజం చెబుతారు.

ఫోన్‌లో కనిపించే చుక్కల గురించి ఒక మాట. నాలుగున్నర చుక్కలు ఉన్నాయంటే తిండి గొప్పదని కాదు, వచ్చినవారు కోరుకున్నది దొరికిందని మాత్రమే అర్థం. ‘గంట నిలబడ్డాం’, ‘పార్కింగ్ లేదు’, ‘సర్వర్ నవ్వలేదు’ అన్న ఫిర్యాదులు వంటకు సంబంధించినవి కావు, నేను వాటిని లెక్కలోకి తీసుకోను. ‘రెండేళ్ళ కిందట బాగుండేది’ అని ఇద్దరు ముగ్గురు రాస్తే మాత్రం ఆగి ఆలోచిస్తాను. హోటళ్ళకు గ్రేడ్లు ఇచ్చే పేరున్న మిషెలిన్ గైడ్ 2023లో అట్లాంటాకు వచ్చింది. అందులో తక్కువ ధరకు మంచి భోజనం పెట్టే చోట్ల జాబితాలో బిజీ బీ కూడా చేరింది, సంతోషమే. అయినా ఇటువంటి గైడ్ ఒక ఊరికి రావడానికి అక్కడి పర్యాటక సంస్థలు సొమ్ము సమకూరుస్తాయన్నది గుర్తుంచుకుని చదవాలి. వీటన్నిటికన్నా నాకు ఉపయోగపడే కాగితం తలుపు దగ్గర గోడకు ఉంటుంది. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రపు ఆరోగ్య శాఖ తనిఖీ నివేదికను ప్రతి హోటల్ కనిపించేలా పెట్టాలి. 90 నుంచి 100 వస్తే ఎ, 80 నుంచి 89 వస్తే బి, 70 నుంచి 79 వస్తే సి, అంతకు తగ్గితే యు. పాత బల్లలు, వెలిసిన గోడలు ఉన్న చోట 98 చూశాను, అద్దాల మేడలో 81 చూశాను.

వేళ తప్పితే ఎంత మంచి హోటల్ అయినా నిరాశపరుస్తుంది. ఆదివారం చర్చి వదిలాక దక్షిణాది హోటళ్ళ ముందు బారులు తీరతారు. సోమవారం చాలా చోట్ల సెలవు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా డౌన్‌టౌన్ నుంచి ఉత్తరపు ఊళ్ళకు బయలుదేరితే కారులోనే ఆకలి చచ్చిపోతుంది. బిల్లు సంగతీ ముందే లెక్కవేసుకోవాలి. అట్లాంటా నగరంలో అమ్మకపు పన్ను 8.9 శాతం, బల్ల దగ్గర వడ్డించే చోట టిప్ 18 నుంచి 20 శాతం. 40 డాలర్ల భోజనం చివరికి దాదాపు 51 అవుతుంది. టిప్ ఎగ్గొట్టడం గొప్ప అనుకునేవారికి తెలియవలసింది ఏమంటే, టిప్పు మీద బతికే సర్వర్‌కు యజమాని నేరుగా ఇవ్వవలసిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లు మాత్రమే. పెద్ద గుంపుగా వెళితే టిప్ బిల్లులోనే కలిపేస్తారు, సంతకం చేసే ముందు ఆ వరుస చదువుకోవాలి.

ఊరు దాటి వెళ్ళేటప్పుడు ఒక చోట బండి ఆపమంటాను. అమెరికాలో వేరుశనగ అన్నిటికన్నా ఎక్కువగా పండేది జార్జియాలోనే. రాష్ట్ర రహదారుల పక్కన గుడారాల కింద, పెట్రోలు బంకుల్లో పెద్ద కుండలలో పచ్చి కాయలను ఉప్పునీటిలో ఉడకబెట్టి అమ్ముతారు, గరిటెతో తోడి కప్పులో పోసి ఇస్తారు. ఆకుకూర పళ్ళెం పక్కకు జరిపిన మా అమ్మ, తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు కారు వెనక సీటులో కూర్చుని ఆ కప్పు ఖాళీ చేసింది. ఉప్పు కాస్త ఎక్కువ వేశాడంది. తొక్కలు పారేయడానికి కవరు అడిగి, ఇంకొక కప్పు కూడా కొనమంది.